జీర్ణవస్త్రము ఎవరి భాగము? — గృహస్థుని పొదుపు, అపరిగ్రహము

మనుష్యుడు జీర్ణవస్త్రములను విడిచి నూతనవస్త్రములను ధరించునట్లు, దేహి జీర్ణదేహమును విడిచి దేహాంతరమును పొందునని భగవద్గీత రెండవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ అర్జునునకు బోధించెను. ఈ ఉపమానమును వినని ఆస్తికుడు ఉండడు. దేహి గతి యేమో ఆ శ్లోకము తెలిపినది. విడువబడిన వస్త్రము గతి యేమన్నది అచట విచారణీయము కాదు. కాని సంసారము నడుపు గృహస్థునకు, గృహిణికి అది ఏటేట ఎదురగు ప్రశ్నయే.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లి మండలమున, ఆ మాటకు వచ్చిన తెలంగాణ పల్లెలన్నింట, ఈ ప్రశ్నకు తరతరములుగా ఒక సమాధానము కలదు. దాని పేరు బొంత. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలను నాలుగైదింటిని పొరలుగా పరచి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసినచో బొంత యగును. చలికాలమున కప్పుకొనుటకు, ఎండకాలమున పరచుకొనుటకు, పసిబిడ్డను పండుకోబెట్టుటకు అదియే. బొంత చిరిగిన పిదప మసిగుడ్డ యగును, నేల తుడుచు గుడ్డ యగును, తుదకు మట్టిలో కలియును. పాలిస్టర్ చీర నీటిని పీల్చదు, మట్టిలో కలియదు. కనుక దానికి వేరొక వృత్తి ఏర్పడినది. అడవిపందులు చొరబడకుండ చేను చుట్టు కట్టిన రంగురంగుల పాత చీరలు తెలంగాణ పల్లెదారులలో తరచు కనబడును.

బొంతకు సంస్కృతమున కంథ యని పేరు. ఈ పదము విరక్తుల పరిభాషలో గౌరవనీయమైనది. శంకర భగవత్పాదుల పేర ప్రసిద్ధమైన భజగోవింద స్తోత్రమున, వీధిలో దొరికిన పేలికలతో కూర్చిన కంథను ధరించిన యోగి వర్ణన కలదు. పల్లెటి అవ్వ కుట్టిన బొంతయు, యోగి ధరించిన కంథయు ఒకే కుట్టుతో నిలిచినవి. భేదమంతయు వాటిని కప్పుకొన్నవారి చిత్తవృత్తిలో నున్నది.

పాత వస్తువులను తిరిగి వాడుకొనుట వలన ధనము మిగులుననుట నిర్వివాదము. అయినను ధనము మిగులుట మాత్రముననే అది ధర్మము కాజాలదు. లోభి సైతము పాత వస్తువును పారవేయడు. బయటినుండి చూచువానికి లోభియు, అపరిగ్రహియు ఒకే బొంత కప్పుకొని కనబడుదురు. వారిని వేరుపరచు గుర్తులు రెండే: పాతది ఎవరి భాగమున పడినది, మిగిలిన ధనము ఎటు పోయినది. ఈ రెండింటిని విచారింపక చేయు పొదుపు, ఎంత నేర్పుగా చేసినను, లోభమునకు మరియొక పేరు మాత్రమే యగును.

నామరూపములు మారును, తంతువు నిలుచును

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయమున ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు, ఒక్క మట్టిముద్దను ఎరిగినచో మట్టితో నిర్మితమైనదంతయు ఎరిగినట్లగునని చెప్పెను. కుండ, మూకుడు, ప్రమిద అనునవి వ్యవహారమునకై ఏర్పడిన పేర్లు. మట్టియే సత్యము. బ్రహ్మసూత్రములలోని ఆరంభణాధికరణమున ఇదే విషయమునకు వస్త్రము దృష్టాంతమైనది. చుట్టియుంచిన వస్త్రమును పరచినపుడు వేరొక వస్త్రము పుట్టదు. అవ్యక్తముగా నున్నదే వ్యక్తమగును. వస్త్రము తంతువులకంటె అన్యము కాదని భాష్యకారులు వివరించిరి. నైయాయికులు దీనిని అంగీకరింపరు. తంతువులనుండి పటమను నూతనద్రవ్యము ఉత్పన్నమగునని వారి మతము.

నేతకు నెలవైన సిరిసిల్ల ప్రాంతమున ఈ తంతు-పట విచారము గ్రంథములకే పరిమితము కానక్కరలేదు. చీర అను నామము చిరిగినను, నూలు అను ద్రవ్యము చిరుగలేదని గ్రహించిన గృహిణి, తాను ఎరుగకయే వేదాంతదృష్టిని ఇంటిపనిలో ప్రయోగించుచున్నది. నూనె డబ్బాలో నూనె అయిపోగానే దాని పేరు తీరినది గాని దాని సారము తీరలేదు. మూత గల లోహపాత్రగా అది పప్పులను పురుగు పట్టకుండ కాపాడగలదు. ఓటిపడిన బకెట్టు నీటిని నిలుపలేదు. తులసి మొక్కకు కావలసినది నీరు నిలువని పాత్రయే. కొబ్బరిచిప్ప గరిటె యగును, పీచు పాత్రలు తోముటకు పనికివచ్చును. బియ్యము కడిగిన నీరు కుడితిగా పశువునకు చేరును. సిమెంటు సంచి దులిపి ఉతికిన పిదప పిడకలకు, పొట్టుకు సంచి యగును.

వస్తువును నామమాత్రముగా చూచువాడు పేరు తీరగానే పారవేసి, అదే ద్రవ్యమును వేరొక పేరుతో అంగడిలో కొనితెచ్చుకొనును. పొదుపు రహస్యమంతయు ఇందే కలదు. పాత వస్తువు ధనమును పుట్టించదు. కొనకపోవుట వలన ధనము మిగులును.

అయితే ఈ దృష్టికి ఒక ప్రమాదము పొంచియున్నది. ప్రతి వస్తువునందును ఏదో ఒక ప్రయోజనము కనబడుట ఆరంభమైనచో, ఇంటిలోనుండి ఏ వస్తువును వెలుపలకు పోదు. అటక నిండును, ఇల్లు ఇరుకగును. అపరిగ్రహము పేర పరిగ్రహము పెరుగును.

వరదవెల్లి గుట్ట, మధుమక్షిక

బోయినపల్లి మండలములోని వరదవెల్లి గుట్టపై దత్తాత్రేయస్వామి ఆలయము కలదు. ఇదే మండలమున మాన్వాడ వద్ద మానేరు నదిపై నిర్మితమైన మధ్య మానేరు జలాశయము నిండినపుడు గుట్ట చుట్టును నీరు ఆవరించును. అప్పుడు భక్తులు పడవపై సాగి స్వామిని దర్శింతురు. భాగవతము ఏకాదశ స్కంధమున యదు మహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పిన అవధూత దత్తాత్రేయుడే యని సంప్రదాయము. ఆ గురువులలో తేనెటీగ ఒకటి.

తేనెటీగ వలన అవధూత నేర్చిన పాఠములు రెండు. పువ్వునకు బాధ కలుగకుండ కొంచెము కొంచెముగా గ్రహించుట మొదటిది. కూడబెట్టినది తేనెతో కూడ నశించునని తెలిసికొనుట రెండవది. తేనె తీయువాడును గురువులలో నొకడే. దానము చేయక, తాను అనుభవింపక దాచినదానిని వేరొకడు అనుభవించునని వాని వలన తెలిసినది. సన్న్యాసికి చెప్పబడిన ఈ పాఠము గృహస్థునకు యథాతథముగా వర్తింపదు. గృహస్థునకు రేపటి గింజ అవసరము. కాని రేపటి గింజకును, ఎన్నటికో తెలియని అవసరమునకై దాచిన తుక్కుకును భేదము కలదు.

పతంజలి యోగసూత్రములలో అపరిగ్రహము ఐదవ యమము. దానిని వివరించుచు వ్యాసభాష్యము, విషయములను ఆర్జించుటలో, రక్షించుటలో, అవి క్షయించుటలో, వాటిపై సంగము ఏర్పడుటలో, వాటి వలన కలుగు హింసలో దోషమును చూచి వాటిని స్వీకరింపకుండుటయే అపరిగ్రహమని నిర్వచించినది. అటకపై పేర్చిన పాతసామానునకు ఈ ఐదు దోషములను అన్వయించి చూచిన విషయము స్పష్టమగును. దానిని ఎలుకలనుండి రక్షింపవలెను. తడిసి పాడైనచో చింతింపవలెను. ఎవరైన అడిగినచో ఇయ్యబుద్ధి కాదు. దుమ్ములో తేలు చేరినచో పసివారికి అపాయము. ఇట్టి వస్తువు అంగడిలో కొన్నది కాకపోయినను పరిగ్రహమే. ఏ పనికో నేడు చెప్పలేని వస్తువు ఆ పని తెలిసినవాని ఇంటికి, లేదా పాత ఇనుము కొనువాని బండికి చేరుటయే మేలు.

మధ్య మానేరు నీటిలో కొదురుపాక, నీలోజుపల్లి, వరదవెల్లి వంటి పల్లెలు ముంపునకు గురియైనవి. ఆ కుటుంబముల దుఃఖమును వైరాగ్యపాఠముగా మార్చి చెప్పుట ఎవరికిని తగదు. వారు విడిచినది స్వేచ్ఛతో విడిచినది కాదు. అయినను ముంపు గ్రామములలో సర్వసాధారణముగా కనబడు ఒక విషయము గమనింపదగినది. ఇల్లు ఖాళీ చేయునపుడు దర్వాజలు, తలుపులు, దూలములు ఊడదీసి క్రొత్త ఇంటికి తీసుకొనిపోవుదురు. తాతల నాటి దర్వాజ క్రొత్త గోడలో మరల నిలిచి, మామిడాకుల తోరణమును మరల మోయును. తిరిగి వాడుకొనుట యనునది ఇచట పైసల లెక్క మాత్రమే కాదు, ఇంటి స్మృతిని కాపాడుట కూడ. దేనిని వెంట తీసుకొనిపోవలెను, దేనిని విడువవలెను అన్న వివేకమును ఆపద కలిగించకముందే అభ్యసించుట సాధకుని కర్తవ్యము.

నచికేతుని ఆవేదన

పొదుపు చేయు ఇంటిలో మిక్కిలి సూక్ష్మమైన దోషము దానము వద్ద ప్రవేశించును. కఠోపనిషత్తు ఆరంభమున వాజశ్రవసుడు సర్వస్వమును దక్షిణగా ఇచ్చు యజ్ఞము చేయుచుండెను. దక్షిణగా తోలుకొనిపోబడు గోవులను బాలుడైన నచికేతుడు చూచెను. అవి త్రాగవలసిన నీరు త్రాగివేసినవి, మేయవలసిన గడ్డి మేసివేసినవి, పాలు ఉడిగినవి, ఈనుటకు శక్తి లేనివి. ఇట్టివాటిని ఇచ్చువాడు ఆనందశూన్యములైన లోకములను పొందునని ఆ బాలుని హృదయము కలత చెందెను. నన్ను ఎవరికి ఇచ్చెదవని తండ్రిని మరల మరల అడిగెను. బ్రహ్మవిద్యోపదేశమునకు ద్వారము తెరచినది ఈ ప్రశ్నయే. జీర్ణవస్తువును దానమని పిలుచుట ఒక బాలునికి సహింపరానిదగుట వలననే ఆ మహోపనిషత్తు ఆరంభమైనది.

నేడు వాజశ్రవసుని యజ్ఞము ప్రతి పండుగకు ముందు ఇంటింట జరుగుచున్నది. అల్మారా ఖాళీ చేయుటకై, గుండీలు ఊడిన చొక్కాలు, రంగు వెలిసిన చీరలు మూటగట్టి ఇంటిపని చేయు స్త్రీ చేతిలో పెట్టుదురు. వరదలు వచ్చినపుడు సహాయమునకని పంపు మూటలలో ఎవరికిని పనికిరాని పేలికలు చేరును. తుక్కును తొలగించుకొనుట ఒక ప్రయోజనము, పుణ్యము రెండవ ప్రయోజనము అని భావింతురు. పుచ్చుకొన్నవారి మనస్సు మాత్రము లెక్కకు రాదు.

పాతది ఇయ్యరాదని దీని భావము కాదు. ఉతికి, కుట్టి, మడిచి, ఎదుటివారికి అవసరమని తెలిసి ఇచ్చిన పాత స్వెట్టరు చలిలో ప్రాణమును కాపాడును. ఇచ్చువాడు దానిని రేపు తానే ధరించుటకు సంకోచింపనిచో అది ఇయ్యదగినది. సంకోచించినచో అది తన ఇంటి మసిగుడ్డ కావలసినదే గాని పరుల వస్త్రము కాదగదు. జీర్ణము తన భాగము, యోగ్యమైనది పరుల భాగము. బొంతను ఇంటివారు కప్పుకొని, అతిథికి క్రొత్త దుప్పటి తీసి ఇచ్చు పల్లెమర్యాదలో ఈ ధర్మము ఏ శాస్త్రపఠనము లేకయే నిలిచియున్నది.

రెండవ గుర్తు మిగిలిన ధనము. భాగవతము సప్తమ స్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మమును చెప్పుచు, కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే దేహికి హక్కు కలదనియు, అంతకు మించినది నాదనువాడు చోరుడనియు నిర్ణయించెను. ఈ వాక్యము ముందు నిలుచుట సులభము కాదు. పాత డబ్బాలు వాడి, పాత చీరలు కుట్టి మిగిల్చిన వేయి రూపాయలు నెలాఖరున మరియొక అనవసర వస్తువుగా మారినచో, చేసిన పొదుపు తృష్ణకు పెట్టుబడి యగును. అవి బ్యాంకు ఖాతాలో అంకెగా మాత్రమే పెరిగినచో తేనెపట్టు యగును. పిల్లల విద్యకు, వృద్ధుల వైద్యమునకు, అప్పు తీర్చుటకు, ఆపదలోనున్న పొరుగువానికి కదలినపుడే ఆ ధనము పొదుపు అను పేరునకు తగినదగును.

మరమగ్గము అడుగు ప్రశ్న

బోయినపల్లి జిల్లాకేంద్రమైన సిరిసిల్ల మరమగ్గముల పట్టణము. అచట వేలాది మగ్గముల మ్రోత ఆగినచో పొయ్యిలు ఆరును. గిరాకీ సన్నగిల్లిన సంవత్సరములలో అప్పుల వలన నేతకార్మికులు ప్రాణములు తీసుకొన్న విషాదము తెలుగువారు మరువరానిది. 2017లో ఆరంభమైన బతుకమ్మ చీరల పథకము ఆ మగ్గములకు పని కల్పించినది. అట్టి పట్టణపు ప్రక్కన నిలిచి, ఉన్న చీరనే పదేండ్లు వాడుడని ఉపదేశించుట న్యాయమా అని ప్రశ్నింపవచ్చును. ఒకరి పొదుపు మరియొకరి పస్తు కారాదు కదా.

ఈ ప్రశ్న బలమైనది, దీనిని దాటవేయరాదు. గీత మూడవ అధ్యాయమున పరస్పరము పోషించుకొనుట చేతనే శ్రేయస్సు కలుగునని యజ్ఞచక్రమునకు సూత్రము చెప్పబడినది. అందరును కొనుట మానినచో చక్రము ఆగును. కాని అవసరము లేకయే అగ్గువకు దొరికినదని కొని, రెండు ఉతుకులకే పారవేయుట వలన నేతకారునకు కూలి పెరగదు. అగ్గువ సరుకు కోరినకొలది ఆ అగ్గువ భారము తుదకు మగ్గము వద్ద నిలిచినవాని కూలిపైననే పడును. ఏడాదికి నాలుగు నాసిచీరలు కొనువారు, వాటికి బదులు గట్టి నేత గలవి రెండు, న్యాయమైన వెలకు కొనినచో వ్యయము పెరగదు, నేతకు గౌరవము పెరుగును. అట్టి వస్త్రమే తరువాత బొంతగా మారుటకు యోగ్యమగును. నాసివస్త్రమునకు పునర్జన్మ లేదు.

తిరిగి వాడుకొనుట మరికొందరికి కూడ జీవనోపాధి. ఊరూర తిరిగి బొంతలు కుట్టు స్త్రీలు, చెప్పులు బాగుచేయువారు, పాత తలుపునకు క్రొత్త రెక్క బిగించు వడ్రంగి, పాత్రలకు మాట్లు వేయువారు, వీరందరును గృహస్థుని పొదుపుపై బ్రతుకువారే. క్రొత్తది కొన్నచో ఎక్కడికో పోవు ధనము, పాతది బాగుచేయించినచో ఊరిలోనే తిరుగును. కనుక బాగుచేయించినపుడు కూలి వద్ద బేరమాడుట పొదుపు కాదు. వస్తువు వద్ద మిగిల్చినదానిని మనిషి వద్ద మిగుల్చరాదు.

శాస్త్రము విధించిన హద్దులు

చిరిగిన వస్తువు ఇంటనున్నచో లక్ష్మి నిలువదని భావించువారు కలరు. ఈ భావమునకు శాస్త్రమున ఆధారము లేకపోలేదు. శక్తి యుండగా జీర్ణమైన, మలినమైన వస్త్రమును ధరింపరాదని మనుస్మృతి నాల్గవ అధ్యాయమున స్నాతకునకు నియమము కలదు. గమనించినచో ఈ నియమము తిరిగి వాడుకొనుటకు విరోధి కాదు. చిరిగిన ధోవతిని ధోవతిగానే ధరించుట అలక్ష్యము. దానిని ఉతికి, కత్తిరించి, తుండుగా కుట్టినపుడు అది జీర్ణవస్త్రము కాదు, యోగ్యమైన తుండు. అలక్ష్మి పాతదనమున లేదు, మురికియందు, నిర్లక్ష్యమునందు కలదు.

అదే స్మృతి ఐదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధిని విస్తరించి చెప్పినది. రాగి, కంచు మొదలైన లోహములకు క్షారము, పులుసు, నీరు. మట్టిపాత్రకు మరల కాల్చుట. వస్తువును శుద్ధి చేసి తిరిగి వాడుట ధర్మశాస్త్రమున ఒక ప్రత్యేక ప్రకరణమగునంత ప్రాధాన్యము కలదని దీని వలన తెలియుచున్నది. పూజయందును ఇట్టి అవకాశము కలదు. అర్పించిన పువ్వు నిర్మాల్యమగును. కాని క్రొత్త బిల్వపత్రము లభింపనపుడు, అర్పించినదానినే కడిగి పరమేశ్వరునకు మరల అర్పింపవచ్చునని శైవసంప్రదాయము అనుమతించినది. రాజరాజేశ్వరుడు కొలువైన వేములవాడకు పొరుగుననున్న భక్తులకు ఈ విషయము ప్రత్యేకముగ స్మరణీయము.

హద్దులు కూడ కలవు. జాము గడచి రసము పోయిన ఆహారమును గీత పదునేడవ అధ్యాయము తామసమని చెప్పినది. పొదుపు పేర పాడైన అన్నమును తినుట, కాగిన నూనెనే నల్లబడువరకు మరల మరల కాచుట శరీరమునకు హింస. పత్తి పండు ప్రాంతములలో మరియొక హెచ్చరిక అత్యవసరము. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినను నీటికి, గింజలకు వాడరాదు. దానికి ద్రవ్యశుద్ధి లేదు. అహింస మొదటి యమము, అపరిగ్రహము ఐదవది. ఐదవదానికై మొదటిదానిని విడుచుట సాధన కాదు.

ఆనందుని సమాధానము

పూర్వ కరీంనగర్ జిల్లా నేలపై, నేటి పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్ట వద్ద, శాతవాహనుల నాటి బౌద్ధస్తూపము బయల్పడినది. ఒకప్పుడు ఈ ప్రాంతమున సంచరించిన భిక్షువుల వినయపిటకమున ఈ విషయమునకు తగిన కథ యొకటి కలదు. మతము వేరైనను వివేకము అందరిదే కనుక అది స్మరింపదగినది.

కౌశాంబీరాజైన ఉదయనుని రాణులు బుద్ధుని శిష్యుడైన ఆనందునకు ఐదువందల చీవరములు సమర్పించిరి. ఇన్ని వస్త్రములు భిక్షువునకేల, వ్యాపారము చేయునా యని రాజునకు కోపము వచ్చెను. ఆనందుని వద్దకు పోయి అడిగెను. చీవరములు చినిగినవారికి వీటిని పంచెదమని ఆనందుడు చెప్పెను. మరి వారి పాతవి ఏమగునని రాజు అడిగెను. పైదుప్పట్లుగా చేసెదము. పాత దుప్పట్లు? పరుపు గలీబులుగా. పాత గలీబులు? నేలపై పరచుటకు. ఆ పరుపులు? కాళ్ళు తుడుచుకొనుటకు. పిదప? దుమ్ము దులుపుటకు. ఆ పిదప? ముక్కలు చేసి, మట్టితో కలిపి నేల మెత్తుటకు. ఏదియు వ్యర్థము కాదని తెలిసిన రాజు సంతసించి మరి ఐదువందల వస్త్రములు ఇచ్చెను.

ఈ సంభాషణమును పొదుపు చాతుర్యముగా మాత్రమే చదువుట వాడుక. కాని ఆనందుని మొదటి మాటను మరువరాదు. క్రొత్త వస్త్రములు ముందుగా పోయినది చినిగినవి ధరించినవారి వద్దకు. దుప్పటి, గలీబు, మట్టి మెత్తుట అన్నియు దాని తరువాతివే. పాతదానిని తుదివరకు వాడుకొనువానికే క్రొత్తదానిని ఇతరులకు ఇచ్చు శక్తి కలుగును. ఇయ్యగలుగుటకై మిగుల్చుకొనుట, మిగిలినదానిని ఇచ్చుట, ఈ రెండును కూడిననాడు పాత చీరతో కుట్టిన బొంత గృహస్థునికి యోగి ధరించు కంథతో సమానమగును.

శ్రీ దత్తాత్రేయార్పణమస్తు.